మైలుతుత్తం

నేను పైపులవాణ్ణి.
వూచ్ నగరంలో, మూతపడ్డ ఇటుక మిల్లుల వెనక వీధిలో,
నాలుగంతస్తుల ఆ పాత కట్టడానికి
తుప్పు పట్టిన ఇనప గొట్టాలు పీకేసి
కొత్త రాగి గొట్టాలు వేసింది నేనే.
ముందే చెబుతున్నాను, తర్వాత అడగొద్దు.

మూడో అంతస్తు. గెనోవేఫా గారు.
అద్దకం మిల్లులో ముప్పైయొక్క ఏళ్లు.
మిల్లు పోయినా
గోళ్ల మూలల్లో నీలం పోలేదు.
వంటింటి కిటికీ పక్కన అరవై లీటర్ల గాజు తొట్టి,
లోపల నాచు, సన్నాకుల చిన్న అడవి,
ఆ అడవి నిండా గోరంత ఎర్ర రొయ్యలు.

"అది ఎరుపు కాదు," అందావిడ మొదటిరోజే,
నేనింకా బూట్లు విప్పకముందే.
"అది గులాబీకి అక్క.
అదిగో, రాయి మీద కూర్చుందే, అదీ ఎరుపు.
కాళ్లదాకా దిగింది. ఉతికినా పోదు."
రొయ్యని ఎవరుతుకుతారమ్మా అనబోయి ఊరుకున్నాను.

పదకొండేళ్ల పని అది.
చెంచా అంత వలతో వెలిసినవాటిని ఏరి
కిటికీ గట్టు మీద, ఒకప్పుడు దోసకాయలు ఊరిన
గాజు సీసాలోకి దింపేది. చంపేది కాదు.
ఏరకపోతే కొన్ని తరాల్లో
అన్నీ మట్టిరంగుకి తిరిగిపోతాయట.
"రంగుకి బద్ధకమెక్కువ. కాపలా లేకపోతే
ఇంటికెళ్లి పడుకుంటుంది."

ఒక తల్లిని చూపించింది.
మెడ వెనక మొన్నటిదాకా ఉన్న పసుపు మచ్చ
పొట్ట కిందికి దిగి గుడ్లయింది.
ఇరవైయారు. భూతద్దంతో లెక్కపెట్టిందట.
తోక కింది చిన్న కాళ్లతో విసురుతూనే ఉంది తల్లి,
జ్వరం బిడ్డ పక్కన కూర్చున్నదానిలా,
రెప్ప వేయకుండా.
రొయ్యకి రెప్పలుండవని మెట్లు దిగుతుంటే తట్టింది.

గురువారం రెండింటికి నీళ్లు వదిలాను.
గ్లాసుడు నేనే తాగి చూపించాను, అన్ని అంతస్తుల్లోనూ.
కొత్త రాగి ఎంత బావుంటుందో మీకు తెలీదు.
అతుకు దగ్గర మంట తగిలితే
ఊదా, నారింజ, మళ్లీ ఊదా.

శనివారం ఆవిడ తొట్టిలో సగం నీళ్లు మార్చింది.
ఆదివారం ఫోను. ఏడవలేదు.
"వచ్చి చూడు," అంది.

నాచు పచ్చగానే ఉంది, తనకేం తెలీనట్టు.
ఇసక మీద అన్నీ పక్కకి ఒరిగి,
ఒళ్లు తెల్లబారి,
ఆ ఇరవైయారు గుడ్ల తల్లి కూడా.
"చూశావా," అంది, "ఇప్పుడన్నీ గులాబీయే."

టీ పోసింది. ఆ కుళాయి నీళ్లే.
"మైలుతుత్తం తెలుసా నీకు?
డబ్బాలకి డబ్బాలు కలిపాను ఈ చేతుల్తో.
గుడ్డకి రంగు నిలవాలంటే రాగి కావాలి.
షిఫ్టు అయ్యాక మిగిలింది కాలవలోకి వదిలేవాళ్లం.
ఆ కాలవలో ఏం బతికేవో
నేనెప్పుడూ అడగలేదు.
నువ్వూ అడగలేదు.
తాగు, చల్లారిపోతోంది."

సీసా గుర్తొచ్చింది అప్పుడు, ఇద్దరికీ ఒకేసారి.
దాని మొహాన ఎప్పుడూ వాన నీళ్లే.
లోపల, కుళ్లిన ఓక్ ఆకు కింద,
తొమ్మిదో పదో, మట్టి ముక్కల్లా,
దురదగొండాకు ఈనెని తీరిగ్గా గీక్కుంటూ.

అప్పట్నుంచి శనివారం శనివారం
మా షెడ్డు పక్క పీపాలో పట్టిన వాన
రెండు క్యాన్లు మోసుకెళ్తాను. డబ్బు తీసుకోను.
ఆవిడ ఇవ్వజూపనూ లేదు.

పోయినవారం పిల్లలు పుట్టాయి.
మీసాలతో సహా పూర్తి రొయ్యలే, నువ్వుగింజలో సగం.
ఒకదాని వీపు మీద ఎర్రగా ఏదో ఉంది,
లేదా కిటికీలోంచి ఎండ.
ఆవిడ వంగి చాలాసేపు చూసింది.
"నా వల ఎక్కడ పెట్టానో," అంది.

మేకుకే ఉంది, ఆవిడ భుజం వెనకే.
నేను చెప్పలేదు.
ఆవిడ వెతకలేదు.